స్టీరింగ్ తేలిగ్గా ఉంటే కారు బాగున్నట్టా?

ఈ ఎపిసోడ్‌లో మైలేజీ గురించి, సన్‌రూఫ్ గురించి, టచ్‌స్క్రీన్ ఎన్ని అంగుళాలు అనేదాని గురించి మాట్లాడను. వాటికి బ్రోషర్ చాలు. బ్రోషర్‌లో ఎక్కడా రాయని విషయం ఒకటి ఉంది. ఇంచుమించు ఒకే ధరలో ఉన్న రెండు కార్లు, ఒకే రోడ్డు మీద, ఒకే స్పీడులో వెళ్తున్నా ఒకటి మన చేతిలో ఉన్నట్టు, ఇంకోటి చేయి దాటుతున్నట్టు ఎందుకు అనిపిస్తాయి? దాన్నే హ్యాండ్లింగ్ అంటారు. ఇదేదో రేసింగ్ చేసే కుర్రాళ్ళ గొడవ, మనకెందుకు అనుకుంటారు చాలామంది. కాదండి. ఫ్యామిలీతో వెళ్ళేవాళ్ళకే ఇది ఎక్కువ అవసరం.

షోరూంలో టెస్ట్ డ్రైవ్ ఎలా జరుగుతుందో మీకు తెలుసు. సేల్స్ అబ్బాయి పక్కన కూర్చుని "సర్, ఒక్క వేలితో తిప్పి చూడండి" అంటాడు. మనం తిప్పుతాం, తిరుగుతుంది. వెనక సీట్లోంచి "అబ్బ, ఎంత స్మూత్‌గా ఉందో" అని వినిపిస్తుంది. 3 కిలోమీటర్లు, రెండు యూ-టర్న్‌లు, ఏసీ ఫుల్. 12 లక్షల నిర్ణయం అక్కడ అయిపోతుంది.

ముందు ఆ వేలి సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు వచ్చే కార్లలో దాదాపు అన్నింటికీ ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగే. అంటే మీరు తిప్పుతుంటే ఒక మోటారు సాయం పడుతుంది. ఏ స్పీడులో ఎంత సాయం చేయాలి అనేది కంట్రోల్ యూనిట్‌లో ఉన్న ఒక పట్టిక. నేను బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఇటు వచ్చినవాణ్ణి కాబట్టి ఈ ముక్క నాకు మహా ఇష్టం: స్టీరింగ్ బరువు అంటే ఈ రోజుల్లో ఒక కాన్ఫిగ్ ఫైల్‌లో ఉన్న నంబర్. కొన్ని కార్లలో స్పోర్ట్ మోడ్ నొక్కగానే స్టీరింగ్ బరువెక్కుతుంది కదా, అప్పుడు కింద చక్రాల్లో ఏమీ మారలేదు. నంబర్ మారింది, అంతే. కాబట్టి స్టీరింగ్ తేలిగ్గా ఉండటం పార్కింగ్‌లో సుఖం, దాన్ని నేను కాదనను. కానీ దాన్నిబట్టి కారు బాగా నడుస్తుందని చెప్పలేం. బరువుగా ఉన్నంత మాత్రాన కూడా చెప్పలేం.

చూడాల్సింది వేరే ఉంది. మలుపు తిరిగాక చేతులు కాస్త వదులు చేస్తే స్టీరింగ్ దానంతట అది మధ్యకి వస్తోందా, లేదా? చిన్నప్పుడు హ్యాండిల్ వదిలేసి సైకిల్ తొక్కారు కదా, ఎలా నేరుగా పోయేది? సైకిల్ ముందు ఫోర్కు నిలువుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. ఆ ఫోర్కు గీతని నేల దాకా పొడిగిస్తే, టైరు నేలకి తగిలే చోటు దానికి కొంచెం వెనక ఉంటుంది. ఆఫీసు కుర్చీ చక్రాలు కూడా అంతే, లాగిన వైపుకి వెనకాల వాలిపోతాయి. కారు ముందు చక్రాలకీ ఇలాంటి వాలే ఉంటుంది. అందుకే అవి నేరుగా ఉండాలని చూస్తాయి, మీరు తిప్పితే చేతిని కొద్దిగా వెనక్కి నెడతాయి. ఆ నెట్టుడే సమాచారం. తడి రోడ్డు మీద ముందు టైర్ల పట్టు తగ్గుతుంటే ఆ నెట్టుడు కూడా తగ్గుతుంది. కారు జారకముందే మీ అరచేతులకి కబురు వస్తుందన్నమాట. మోటారు సాయం మరీ ఎక్కువ పెట్టిన కార్లలో ఆ కబురు దారిలోనే ఆగిపోతుంది.

ఇక అసలు విషయం. నా దృష్టిలో హ్యాండ్లింగ్ అంటే లేటెన్సీ. వెబ్‌సైట్‌లో బటన్ నొక్కితే పేజీ రావడానికి పట్టే ఆలస్యం ఉంటుంది చూడండి, అదే ఇక్కడ కూడా. మీరు స్టీరింగ్ తిప్పిన క్షణానికీ, కారు మొత్తం ఆ దిక్కుకి మళ్ళి కుదురుకున్న క్షణానికీ మధ్య చాలా పనులు జరుగుతాయి. ముందు టైరు గోడలు మెలి తిరగాలి. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు నలగాలి. బాడీ ఒక పక్కకి ఒరిగి స్ప్రింగుల మీద కూర్చోవాలి. వెనక టైర్లు కూడా పట్టు అందుకోవాలి. ప్రతి మెట్టు దగ్గరా కొంచెం ఆలస్యం. టైరు గోడ పొడుగ్గా ఉన్నా, స్ప్రింగులు మెత్తగా ఉన్నా, బాడీ ఎత్తుగా ఉన్నా ఆ ఆలస్యం పెరుగుతుంది. ఒరిగాక ఒక్కసారికి కుదురుకుంటుందా, రెండు మూడు సార్లు ఊగి కుదురుకుంటుందా అనేది షాక్ అబ్జార్బర్ల పని.

ఈ లెక్కలో చూస్తే స్విఫ్ట్ ఎందుకు సరదాగా అనిపిస్తుందో తెలుస్తుంది. బరువు సుమారు 900 కిలోలు. నేలకి దగ్గరగా ఉంటుంది, గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. తిప్పగానే ముక్కు తిరుగుతుంది. సిటీ ట్రాఫిక్‌లో, ఆటోల మధ్యలో, దానంత హాయిగా దూరిపోయే కార్లు తక్కువ. కానీ ఓఆర్ఆర్ ఎక్కి 100 దాటాక పక్క నుంచి గాలి కొట్టినా, లారీ దాటినా ఆ తేలికదనమే మనల్ని కొంచెం అప్రమత్తం చేస్తుంది. చేతులు ఖాళీగా ఉండవు, చిన్న చిన్న సవరణలు చేస్తూనే ఉండాలి.

దానికి ఎదురుగా పోలోని పెట్టండి. మన దేశంలో 2010 నుంచి 2022 దాకా అమ్మారు, ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కునేవాళ్ళు ఉన్నారు. సైజులో రెండూ దగ్గర దగ్గరే. సస్పెన్షన్ రకం కూడా ఒకటే, ముందు మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టార్షన్ బీమ్. అయినా రెండూ వేరే వేరే మనుషులు. పోలో గల్లీలో గుంతలు తగిలితే కొంచెం గట్టిగా చెప్తుంది. హైవే ఎక్కితే మాత్రం రోడ్డుకి అంటుకున్నట్టు పోతుంది. అంటే సస్పెన్షన్ పేరుని బట్టి తీర్పు చెప్పకూడదు. స్ప్రింగ్ ఎంత గట్టిది, షాక్ అబ్జార్బర్ ఎలా ట్యూన్ చేశారు, బుష్‌లు ఎంత మెత్తగా పెట్టారు అనే దగ్గరే కథంతా ఉంది. ఒకే బియ్యం, ఒకే పప్పు, కానీ అందరి ఇంట్లో పులిహోర, అదే, కిచిడీ ఒకలా ఉండదు కదా.

ఇప్పుడు ఎత్తు సంగతి. మనందరికీ ఎస్‌యూవీ కావాలి. ఎందుకో నాకూ తెలుసు, మన గుంతలు, మన స్పీడ్ బ్రేకర్లు, వానాకాలం నీళ్ళు. నెక్సాన్ 2017లో వచ్చినప్పుడు 209 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌తో వచ్చింది. ఎగుడుదిగుడు రోడ్డు మీద దాని సస్పెన్షన్ దెబ్బని మింగే తీరు నాకు బాగా నచ్చుతుంది, ఆ ఎత్తుకి ఒరుగుడు కూడా అదుపులోనే ఉంటుంది. క్రెటా ఇంకో దారి. సిటీలో తేలిక, మెత్తన, నడిపేవాళ్ళకి శ్రమ లేదు, ఎక్కువమందికి కావాల్సింది అదే. కానీ ఎత్తుకి ఒక ఖర్చు ఉంటుంది. ఎంతో చిన్న లెక్క వేద్దాం.

ఎండుగడ్డి ఎత్తుగా పేర్చిన ట్రాక్టరు ట్రక్కు మలుపు తిరగడం చూశారా? డ్రైవర్ ప్రాణం బిగబట్టుకుని తిప్పుతాడు. బరువు ఎంత అనేదానికంటే అది ఎంత ఎత్తున ఉంది అనేదే అతని భయం. మలుపులో లోపలి చక్రాల మీద నుంచి బయటి చక్రాల మీదకి ఎంత బరువు మారుతుంది అంటే: కారు బరువుని పక్కకి లాగే బలంతో గుణించి, దాన్ని గరిమనాభి ఎత్తుతో గుణించి, రెండు చక్రాల మధ్య వెడల్పుతో భాగించాలి. 900 కిలోల చిన్న కారు, గరిమనాభి 55 సెంటీమీటర్ల ఎత్తున, చక్రాల మధ్య 1.5 మీటర్లు అనుకోండి. అర జీ మలుపులో సుమారు 165 కిలోలు బయటి వైపుకి మారుతుంది. అదే 1,700 కిలోల పెద్ద ఎస్‌యూవీ, ఎత్తు 72 సెంటీమీటర్లు, వెడల్పు 1.55 మీటర్లు అనుకుంటే 395 కిలోలు. ఇవి లెక్క కోసం నేను అనుకున్న అంకెలు, ఏ ఒక్క మోడల్‌వీ కావు. బరువు రెట్టింపు కాలేదు, మారిన భారం మాత్రం రెట్టింపు దాటింది.

మారితే ఏమవుతుంది అంటారా? టైరుకి ఒక గుణం ఉంది. దాని మీద బరువు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు అవ్వదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. బయటి టైరు సంపాదించిన పట్టు, లోపలి టైరు పోగొట్టుకున్న పట్టు కంటే తక్కువ. అంటే బరువు ఎంత ఎక్కువ మారితే నాలుగు టైర్ల మొత్తం పట్టు అంత తగ్గుతుంది. ఆ ఒరుగుడు చూడటానికి బాగోలేదనే కాదు, ఎత్తు కారుకి మలుపులో మిగిలే మార్జిన్ నిజంగానే తక్కువ. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చక్రాల మధ్య వెడల్పుని గరిమనాభి ఎత్తుకి రెండింతలతో భాగించి ఒక అంకె తీస్తుంది. మామూలు కార్లకి అది 1.3 నుంచి 1.5 మధ్య, ఎస్‌యూవీలకి 1 నుంచి 1.3 మధ్య ఉంటుంది. అంకె చిన్నదయ్యేకొద్దీ బోల్తా ప్రమాదం ఎక్కువ.

స్పీడు కూడా ఇక్కడే మోసం చేస్తుంది. 60 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపుని 40లో తిరిగితే పక్కకి లాగే బలం 0.21 జీ. అదే మలుపు 60లో తిరిగితే 0.47 జీ. స్పీడు ఒకటిన్నర రెట్లు, బలం రెండుంపావు రెట్లు.

ఇదంతా మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న గొడవ కాబట్టే ఇంత వివరంగా చెప్తున్నా. మా బాబాయ్ వాళ్ళు ఉప్పల్లో ఉంటారు, ఏటా శ్రీశైలం వెళ్తారు. పాత స్విఫ్ట్ ఇచ్చేసి ఎత్తు బండి కొనాలని బాబాయ్ పట్టు. కారణం పిన్ని. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటగానే పిన్ని నిమ్మకాయ చేతిలోకి తీసుకుంటుంది. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపులు వచ్చేసరికి రెండు సార్లు బండి ఆపాల్సిందే. "పెద్ద బండి అయితే కుదుపులు ఉండవు రా, మీ పిన్నికి వాంతులు ఉండవు" అని బాబాయ్ లాజిక్.

వినడానికి బాగుంది, కానీ వాంతులు కుదుపుల వల్ల రావు. స్ప్రింగుల మీద కారు పైకీ కిందికీ ఊగే వేగం సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు, మనం నడిచే లయకి దగ్గర. శరీరానికి అది అలవాటే. తల తిప్పేది చాలా నెమ్మదైన ఊపు, సుమారు 5 సెకన్లకి ఒకసారి. పడవలో ఉండేది అదే. ఘాట్‌లో ఎడమ మలుపు, కుడి మలుపు, మధ్యలో బ్రేకు, మళ్ళీ యాక్సిలరేటర్... కరెక్టుగా ఆ లయలో పడుతుంది. ఎత్తుగా, మెత్తగా ఉన్న బండిలో ప్రతి మలుపుకీ తల ఇంకా ఎక్కువ దూరం ఊగుతుంది. కాబట్టి బాబాయ్ కొనబోయే బండి పిన్నికి మేలు చేయకపోగా కీడు చేసే అవకాశం ఉంది.

అందుకని పోయిన నెల రెండు బండ్లు టెస్ట్ డ్రైవ్ చేసినప్పుడు పిన్నిని వెనక సీట్లో కూర్చోబెట్టి ఓఆర్ఆర్ ఎక్కే ర్యాంపు మలుపు మీద తిప్పాం. మొదటిదాంట్లో మాట్లాడుతూనే ఉంది. రెండోది ఇంకా ఎత్తు, ఇంకా మెత్తన, ఖరీదు కూడా ఎక్కువ. ర్యాంపు పూర్తవకముందే మాట ఆగిపోయింది. నాకు అంతకంటే మంచి సెన్సర్ దొరకదు. ఇంకా ఏదీ కొనలేదు, బాబాయ్ ఓటు రెండోదానికే.

డ్రైవర్ చేతిలో ఉన్నది కూడా తక్కువేం కాదు. తిరుమల ఘాట్‌లో బస్సు నడిపే ఆర్టీసీ డ్రైవర్లని గమనించండి. మలుపు రాకముందే స్పీడు తగ్గించేస్తారు, మలుపులో స్టీరింగ్ ఒకేసారి తిప్పి అక్కడే పట్టుకుంటారు, బయటికి వచ్చాకే మెల్లగా యాక్సిలరేటర్. మలుపు మధ్యలో బ్రేకు తొక్కితే బరువు ముందుకి పోతుంది, వెనక టైర్లు తేలికవుతాయి, ముందు టైర్లు తిప్పే పనీ ఆపే పనీ రెండూ చేయాలి. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఉంచి ఇంజన్‌తో ఆపుకుంటే బ్రేకులు వేడెక్కవు, వెనకవాళ్ళ తలలూ ముందుకి పడవు.

ఇన్నోవా లేకుండా మన దగ్గర కార్ల ముచ్చట పూర్తవ్వదు. క్రిస్టా, హైక్రాస్ రెండూ ఇన్నోవాలే, కానీ పేరు తప్ప లోపల పోలిక లేదు. క్రిస్టాకి లారీకి ఉన్నట్టు నిచ్చెన లాంటి చట్రం ఉంటుంది, దాని మీద బాడీని రబ్బరు బుష్‌లతో బిగిస్తారు. శక్తి వెనక చక్రాలకి వెళ్తుంది. వెనక యాక్సిల్ ఒకే ముక్క కాబట్టి ఎడమ చక్రం గుంతలో పడితే కుడి వైపుకీ తెలుస్తుంది. ఖాళీగా పోతే వెనక సీటు కొంచెం ఎగురుతుంది. ఏడుగురు ఎక్కి, డిక్కీలో లగేజీ పడ్డాక బుద్ధిమంతురాలు అయిపోతుంది. 2022 చివర్లో బయటపెట్టిన హైక్రాస్‌కి ఆ చట్రం లేదు, బాడీ చట్రం అన్నీ ఒకటే, ముందు చక్రాలే లాగుతాయి. నడిపితే పెద్ద కారులా ఉంటుంది, లారీ వాసన పోయింది. అలాగని నిచ్చెన చట్రం అంటే చెడ్డదని కాదు. స్కార్పియో-ఎన్‌కీ అదే చట్రం, కానీ వెనక యాక్సిల్ పక్కలకి జరగకుండా వాట్స్ లింకేజ్ పెట్టారు. ఆ వాట్ ఎవరో కాదు, ఆవిరి ఇంజన్ జేమ్స్ వాటే. 1784లో పిస్టన్ రాడ్ కోసం ఆయన కనిపెట్టిన ఏర్పాటు ఇప్పుడు మన హైవే మీద తిరుగుతోంది.

లోడు సంగతి షోరూంలో అసలు బయటపడదు. ఐదుగురు మనుషులు, ఒక్కొక్కరు 65 కిలోలు, పైన 50 కిలోల లగేజీ, మొత్తం 375. 900 కిలోల కారుకి అది 42 శాతం అదనపు బరువు. 1,800 కిలోల బండికి 21 శాతమే. అందుకే చిన్న కారు ఒంటరిగా ఉన్నప్పుడు ఒక మనిషి, పండక్కి ఊరెళ్ళేటప్పుడు ఇంకో మనిషి. వెనక కుంగుతుంది, ముక్కు లేస్తుంది, స్టీరింగ్ వదులైనట్టు అనిపిస్తుంది. అదే లగేజీని పైన క్యారియర్ మీద కడితే గరిమనాభి కూడా పైకి వెళ్తుంది, గడ్డి ట్రక్కుని గుర్తు తెచ్చుకోండి. డ్రైవర్ డోర్ తీస్తే ఫ్రేము మీద టైర్ల గాలి స్టిక్కర్ ఉంటుంది. చాలా కార్లలో తక్కువమందికి ఒక అంకె, ఫుల్ లోడుకి ఒక అంకె ఇస్తారు. ఆ రెండో అంకె చూసేవాళ్ళు నాకు తెలిసి పదిమందిలో ఒకరు కూడా లేరు.

హైవే మీద గేదె అడ్డం వస్తే? దీనికి ఒక చరిత్ర ఉంది. స్వీడన్ రోడ్ల మీదకి ఎల్క్ అనే పెద్ద దుప్పి జాతి జంతువు వస్తుంటుంది, అందుకని అక్కడ కారుని ఒక్కసారిగా పక్క లేన్‌లోకి తిప్పి వెంటనే వెనక్కి తెచ్చే పరీక్ష పెట్టారు. 1997 అక్టోబర్‌లో అప్పుడే వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాస్ ఆ పరీక్షలో బోల్తా పడింది. చిన్న కారే, కానీ ఎత్తు. కంపెనీ అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ మార్చి, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ని ప్రతి బండికీ ఇచ్చింది. ఇక్కడ ప్రమాదం మొదటి మలుపులో కంటే రెండోదాంట్లో ఎక్కువ. ఒక పక్కకి ఒరిగిన బాడీ ఇంకా కుదురుకోకముందే మీరు రెండో పక్కకి తిప్పుతారు, రెండు ఊపులు కలుస్తాయి. లేటెన్సీ అని ఎందుకన్నానో ఇప్పుడు అర్థమైంది కదా. నేను పాత ఉద్యోగంలో సర్వర్లు చూసేటప్పుడు సగటు రెస్పాన్స్ టైమ్ ఎవరూ అడిగేవారు కాదు, అత్యంత రద్దీ రోజున ఎంత అని అడిగేవారు. కారుకీ అదే అడగండి. కొనే వేరియంట్‌లో ఈఎస్‌సీ ఉందో లేదో కనుక్కోండి. సన్‌రూఫ్ కోసం దాన్ని వదులుకోకండి, ప్లీజ్.

మరి టెస్ట్ డ్రైవ్‌లో ఏం చేయాలి? ఇంట్లోవాళ్ళందరినీ ఎక్కించుకుని వెళ్ళండి, షోరూం వాళ్ళు మొహం మాడ్చినా సరే. స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక భాగం ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. ఒకసారైతే మంచిది, మూడైతే ఆలోచించండి. ఫ్లైఓవర్ ర్యాంపు లాంటి పొడుగు మలుపు ఒకటి వెతుక్కోండి. ఒకసారి తిప్పి పట్టుకుంటే చాలా, మధ్యలో మళ్ళీ మళ్ళీ సవరించాల్సి వస్తోందా చూడండి. ఎవరూ లేని ఖాళీ స్థలంలో 20 స్పీడులో ఎడమకీ కుడికీ చకచకా తిప్పితే ఆ ఆలస్యం ఒంటికే తెలుస్తుంది. రోడ్డు మీద మాత్రం ఈ పని చేయొద్దు. సగం దూరం అయ్యాక తాళం ఇంకొకరికి ఇచ్చి మీరు వెనక సీట్లో కూర్చోండి. స్టీరింగ్ పట్టుకున్నవాడికి మలుపు ముందే తెలుసు, వెనకవాళ్ళకి తెలియదు.

ఎలక్ట్రిక్ బండ్ల గురించి ఒక్క మాట. బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి గరిమనాభి దిగుతుంది, అదే ఆకారంలో ఉన్న పెట్రోల్ బండి కంటే తక్కువ ఒరుగుతుంది. కానీ బరువు పెరుగుతుంది, ఆ బరువుని ఆపాల్సింది, తిప్పాల్సింది ఆ నాలుగు టైర్లే. ఒక్కో టైరు నేలకి తగిలేది ఇంచుమించు మన అరచేయంత. ఏ టైరు వేయాలి, కంపెనీ ఇచ్చిన సైజు కంటే వెడల్పు వేస్తే ఏమవుతుంది అనేది పెద్ద కథ, వచ్చే ఎపిసోడ్ మొత్తం దానికే. ఈలోపు మీ కారు డోర్ తీసి ఆ స్టిక్కర్ ఒకసారి చూడండి. ఉంటానండి.